రెండు సముద్రాల మధ్య ఉప్పుమడి

సరిగ్గా మూడు గంటలకు ఇరవై హద్దుబండ్లూ ఒకేసారి కళ్ళు తెరిచాయి. కళ్ళంటే దీపాలే. కానీ ఉప్పరేవు జనం వాటిని కళ్ళనడానికి ఎప్పుడో అలవాటు పడిపోయారు. ఒక్కో బండీ నిలువెత్తున ఉంది. ముందు రెండు ఇనుప చేతులు, వెనక హద్దుల్లో పాతడానికి రాతిస్తంభాల కట్ట. రిజిస్ట్రారు కచేరీ ముందు వేసిన షామియానా కింద మూడు వందల పన్నెండు కుటుంబాల ఉప్పుమడి కూలీలు కొత్త బట్టలు కట్టుకుని, ఆ బండ్ల వంకే చూస్తూ కూర్చున్నారు. తాతల కాలం నుంచీ కాళ్ళు పగిలేలా తొక్కిన ఉప్పుమడులు తొంభై తొమ్మిదేళ్ళ లీజు మీద ఆ రోజు వాళ్ళ సంఘానికి దక్కబోతున్నాయి. కోర్టు లేదు, వాయిదా లేదు. అంతా అమలికే ఆ బండ్ల చేత చేసిపెడుతుంది.

ఈ అమలిక ఏమిటో ముందే చెప్పుకుంటే మంచిది. పూర్వం ఇద్దరు ఒప్పందం రాసుకుంటే, రాసింది కాగితం మీద ఉండేది, జరగాల్సింది బయట ఎక్కడో ఉండేది. ఈ రెంటికీ మధ్య ప్లీడర్లూ, కోర్టు అమీనాలూ, మనవల కాలం దాకా నడిచే తగువులూ ఉండేవి. అమలిక ఆ మధ్యలో ఉన్నదంతా ఊడ్చేసింది. దస్తావేజును దాని స్కానర్‌లో పెట్టి ఇరుపక్షాల వాళ్ళూ వేలిముద్ర వేస్తే చాలు, రాసింది రాసినట్టు చేసేస్తుంది. ఇల్లు అప్పగించాలని రాస్తే తలుపు తీసి అప్పగిస్తుంది. కాలువ వదలాలని రాస్తే తూము ఎత్తుతుంది. మంత్రి ఫోన్ చేసినా, రౌడీ కర్ర ఎత్తినా ఆగదు. మనిషి మాట దానికి వినపడదు, కాగితం మాటే వినపడుతుంది. దాన్ని తయారుచేసిన డాక్టర్ విరూపాక్షరావు గారికి అందులో అన్నిటికన్నా గర్వకారణమైన గుణం ఇదే.

ఇంత సంబరం జరుగుతుంటే, కచేరీ వరండా చివర ఉన్న ప్రూఫు గదిలో పేరిందేవి మాత్రం తన సామాను సర్దుకుంటోంది. సామాను అంటే ఎంతని? ఒక రూళ్ళకర్ర, డబ్బాడు ఎర్రపెన్సిళ్ళు, రెండు జతల కళ్ళద్దాలు. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆ కచేరీలో రిజిస్టరయ్యే ప్రతి దస్తావేజునూ అసలుతో సరిచూసి, తప్పులు దిద్ది, అడుగున సంతకం పెట్టిన మనిషి ఆవిడ. ఆ రోజు సాయంత్రం అయిదు గంటలకు ఆ గది శాశ్వతంగా మూతపడబోతోంది. ఆ ఉత్తర్వు కూడా అమలిక చేతిలోనే ఉంది.

నెల కిందట డాక్టరు గారు స్వయంగా వచ్చి ఆ మాట చెప్పారు. ఆయన చెడ్డవాడేం కాదు. కాస్త తెలివి ఎక్కువైనవాడు, అంతే.

"పేరిందేవి గారూ, మనిషి కన్ను అలసిపోతుంది. అమలిక అలసిపోదు. కోటి పేజీలు చూసినా ఒక్క అక్షరం తప్పు పోనివ్వదు."

"అక్షరాల సంగతి సరే బాబూ. అక్షరాలన్నీ ఒప్పులే అయ్యుండి, మాట తప్పయితేనో?"

"అలాంటిది ఎక్కడుంటుందండీ?" అని ఆయన నవ్వాడు.

ఇంకో విశేషం చెప్పాలి. ఆ మూసివేత ఉత్తర్వును చివరిసారిగా సరిచూసింది కూడా పేరిందేవే. అందులో సంవత్సరం తప్పు పడింది. వదిలేస్తే ఉత్తర్వు చెల్లదు, గది మూతపడదు. ఆవిడ ఎర్రపెన్సిలుతో సంవత్సరం దిద్దింది. దిద్ది ఊరుకోకుండా, 'గది, పరిసరాలు అన్నారు, పరిసరాలంటే ఎక్కడిదాకా? నాలుగు హద్దులూ రాయండి' అని అంచున రాసి వెనక్కి పంపింది. విసుక్కుంటూ గుమాస్తా హద్దులు రాసిచ్చాడు. ఆవిడకు జతగా కూర్చుని పైకి చదివే కాలేషావలి మాత్రం ఆవిడతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ కాలేషావలే ఇప్పుడు షామియానా దగ్గర పంచుతున్న దస్తావేజు నకలు ఒకటి పట్టుకొచ్చాడు.

"జ్ఞాపకంగా ఉంటుందని అందరికీ ఇస్తున్నారమ్మా. మనల్ని చూడమని ఎవరూ అనలేదనుకోండి."

"అనకపోతేనేం? ఆఖరి రోజు ఖాళీగా కూర్చోలేను. చదువు కాలేషా."

వాళ్ళ పద్ధతి వాళ్ళది. ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు వినాలి. కామా అంటే కామా అనే చదవాలి, ఫుల్‌స్టాప్‌ను ఫుల్‌స్టాప్ అనే చదవాలి. అంకెలు ఒక్కొక్కటే పలకాలి. హద్దుల షెడ్యూలు వచ్చేసరికి మాత్రం పేరిందేవి కూర్చునేది కాదు. లేచి తూర్పు ముఖంగా నిలబడి, చెయ్యి చాచి, కాలేషా ఒక్కో దిక్కూ చదువుతుంటే అటు తిరిగేది. ఆ చూపుడువేలు ఎదర ఏముందో కాగితంలో అదే ఉండాలి. కచేరీలో కుర్రగుమాస్తాలు చాటుగా నవ్వుకునేవాళ్ళు గానీ, ముప్ఫై నాలుగేళ్ళలో ఆ వేలు మోసపోయింది లేదు.

"తూర్పు. సముద్రం. ఫుల్‌స్టాప్," అన్నాడు కాలేషా.

పేరిందేవి తూర్పుకు చెయ్యి చాచింది. కిటికీలోంచి సముద్రం కనిపిస్తూనే ఉంది.

"పడమర. డిట్టో. ఫుల్‌స్టాప్."

డిట్టో అంటే, పై వరసలో ఉన్నదే ఇక్కడ కూడా అని చెప్పే రెండు చిన్న గీతలు. గుమాస్తాలకు ప్రాణం. పేరిందేవికి పడదు.

"డిట్టో అని వదిలేయకు. పైన ఏముందో పూర్తిగా చదువు."

"సముద్రం."

ఆవిడ చెయ్యి అప్పటికే పడమర వైపు తిరిగి ఉంది. ఆ వేలికి ఎదురుగా పెద్దకాలువ, కాలువ అవతల ఉప్పుకూలీల కాలనీ పెంకుటిళ్ళు, వాటి వెనక ఊరు, ఊరి వెనక కొండలు.

"సముద్రమా?" అంది.

"అలాగే ఉందమ్మా."

పేరిందేవి బీరువాలోంచి ఆ మడుల పాత దస్తావేజు లాగింది. దాన్ని రాసిన లేఖరి తూర్పు నుంచి మొదలుపెట్టి కుడిగా తిరుగుతూ రాశాడు. తూర్పున సముద్రం. దక్షిణాన పెద్దకాలువ. ఆ కాలువే వంపు తిరిగి పడమర వైపు కూడా వస్తుంది కాబట్టి, దక్షిణం కింద పడమర దగ్గర రెండు గీతలు పెట్టాడు. ఆ చోట ఆ గీతలు ముమ్మాటికీ ఒప్పు. డాక్టరు గారి కొత్త ఫారంలో దిక్కుల వరస వేరు. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం. యంత్రం ఏ వరసకు ఆ వరస జాగ్రత్తగా ఎత్తి కొత్త చోట పెట్టింది. పడమర తన గీతలతో సహా వచ్చి సముద్రం కింద కూర్చుంది. ఒక్క అక్షరం తప్పు లేదు.

"కాలేషా, ఈ కాగితం ప్రకారం వీళ్ళ ఉప్పుమడి ఈ సముద్రం దగ్గర మొదలై, దేశానికి అవతలున్న సముద్రం దాకా పోయింది!"

ఆవిడ చెప్పులు వేసుకోవడం కూడా మరిచి షామియానా వైపు పరుగెత్తింది. సరిగ్గా అప్పుడే సంఘం అధ్యక్షురాలు పైడితల్లి అమలిక పలక మీద బొటనవేలు ఆనించింది. గంట మోగింది. జనం చప్పట్లు కొట్టారు.

మొదట అంతా ముచ్చటగానే జరిగింది. పది బండ్లు స్తంభాలు పాతుకుంటూ, మిగతా పది దారి చదును చేసుకుంటూ ఉప్పుమడుల మీదుగా సాగాయి. పైడితల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. బండ్లు కాలువ గట్టు చేరాయి. అక్కడ ఆగాలి. ఆగలేదు. చక్రాలు మడిచి, నీళ్ళలో దిగి, అవతలి గట్టు ఎక్కాయి. షామియానాలోని తెర మీద అక్షరాలు వెలిగాయి. 'పడమర హద్దుకు మిగిలిన దూరం: 1,170 కిలోమీటర్లు. హద్దుల్లో ఉన్న కట్టడాలు తొలగించి ఖాళీ స్వాధీనం ఇవ్వబడును.'

చప్పట్లు ఆగిపోయాయి.

"ఏటి బాబూ ఇది? మా ఇళ్ళ కాడికి ఎల్తన్నాయేటి?" అంది పైడితల్లి. కాలువ ఒడ్డున మొట్టమొదటి ఇల్లు ఆవిడదే. రెండేళ్ళు కూడబెట్టి మొన్ననే పెంకు నేయించుకుంది.

పేరిందేవి రొప్పుతూ సంగతి చెప్పింది. డాక్టరు గారి ముఖం పాలిపోయింది.

"ఆపండి మరి!" అన్నాడు రిజిస్ట్రారు.

"ఆగదండీ. ఎవరు చెప్పినా ఆగకూడదనే కదా చేసింది."

"కరెంటు తీసేస్తే?"

"ఏ బండి బ్యాటరీ ఆ బండికే ఉంది. కాగితం కూడా దేనికది మోసుకుపోతోంది." అన్నాడు డాక్టరు. ఈ జవాబునే పోయిన వారం పత్రికల వాళ్ళకు ఛాతీ విరుచుకుని చెప్పాడు పాపం. "కాగితానికే అది లోబడుతుంది. సవరణ దస్తావేజు ఒకటి వెయ్యాలి. నేను వేస్తాను."

నిమిషంలో టైపు చేశాడు. 'పై దస్తావేజులో పడమర హద్దు తప్పు. దానిని తొలగించవలెను.'

"ఆగండి బాబూ, చదవనివ్వండి," అంటూనే ఉంది పేరిందేవి.

"టైము లేదండీ!" అని ఆయన దాన్ని స్కానర్‌లోకి తోసేశాడు. సర్కారు తరఫున రిజిస్ట్రారు వేలు, సంఘం తరఫున పైడితల్లి వేలు పడ్డాయి. గంట మోగింది. తెర మీద అక్షరాలు మారాయి. 'పడమర హద్దు: లేదు. మిగిలిన దూరం: లెక్కకు అందదు.' కచేరీ వెనక షెడ్డు తలుపులు వాటంతట అవే తెరుచుకున్నాయి. పని పెరిగింది కదా, ఇంకో ఇరవై బండ్లు కళ్ళు తెరుచుకుని బయటికొచ్చాయి.

డాక్టరు కుర్చీలో కూలబడ్డాడు. ఊళ్ళో ఇన్నాళ్ళూ ఆ మనిషిని ఎవరూ అలా చూడలేదు.

"లేవండి. ఆ కుర్చీ నాకు కావాలి," అంది పేరిందేవి.

వెనకే వచ్చిన కాలేషా రూళ్ళకర్రా, పెన్సిలూ ఆవిడ చేతికిచ్చాడు. భయం వెయ్యలేదని అనలేం, బాగానే వేసింది. కానీ కాగితం ఎదురుగా ఉంటే ఆవిడ మనసు దానంతటదే కుదుటపడుతుంది. నిదానంగా ఆరు వరసలు రాసింది. ఫలానా నంబరు దస్తావేజుకు పడమర హద్దు, పెద్దకాలువ తూర్పు గట్టు. ఆ గట్టు దాటి పాతిన స్తంభాలు పెరకవలెను. దాటిన బండ్లన్నీ వెనుకకు రావలెను. అక్కడ కదిపిన వస్తువు ప్రతిదీ, ఉన్నచోట ఉన్నట్టుగా తిరిగి పెట్టవలెను. మిగతా షరతులన్నీ యథాతథం.

"కదిపినవి పెట్టడం అదంతా ఎందుకండీ ఇప్పుడు?" అన్నాడు డాక్టరు, దాన్ని టైపు చేస్తూ.

"రాయకపోతే పెట్టదు కదా?"

ఆయన ఆ వరస కూడా కొట్టాడు. టైపు కాగితం బయటికి వచ్చింది. రిజిస్ట్రారు అందుకోబోయాడు. పేరిందేవి దాని మీద రూళ్ళకర్ర పెట్టేసింది.

"చదివాక."

కాలువ వైపు నుంచి కేకలు వినపడ్డాయి. మొదటి బండి పైడితల్లి వాకిట్లో నిలబడి ఇనుప చెయ్యి ఎత్తింది. ఒక పెంకు తీసి పక్కన పెట్టింది. ఇంకొకటి తీసింది. కాగితంలో ఉన్న పని కాబట్టి చాలా మర్యాదగానే చేస్తోంది.

"అమ్మా! నా ఇల్లు ఇప్పీస్తందమ్మా! ఇంకా ఏటి సదువుతారు? బేగి ఎయ్యండి!" పైడితల్లి పేరిందేవి భుజం పట్టుకుని ఊపేసింది.

"తల్లీ, ఇందాక తొందరపడితే ఇరవై బండ్లు నలభై అయ్యాయి. నీ ఇల్లు నిలబెట్టడానికే చదువుతున్నాను. నన్ను కదపకు." ఆవిడ కాలేషా వైపు తిరిగింది. "కాలేషా, నా రాతప్రతి నువ్వు చదువు. టైపుది నేను చూస్తాను. ఎప్పటిలాగే. తొందరపడకు."

కాలేషా చదివాడు. కామాను కామా అని చదివాడు. ఫుల్‌స్టాప్‌ను ఫుల్‌స్టాప్ అని చదివాడు. అక్కడున్న వందలాది మంది ఊపిరి బిగబట్టి ఆ కామాలు విన్నారు.

"నంబరు. ఒకటి. నాలుగు. సున్నా. ఏడు."

రూళ్ళకర్ర ఆగింది.

"మళ్ళీ చదువు."

"ఒకటి, నాలుగు, సున్నా, ఏడు."

టైపు కాగితంలో 1470 అని ఉంది. డాక్టరు గారి కంగారులో చివరి రెండు అంకెలూ తారుమారయ్యాయి. ఆ 1470 ఎవరిదో ఆ క్షణాన ఎవరికీ తెలియదు. నాలుగు రోజుల తర్వాత తీసి చూస్తే, అది ఊరి నడుమ ఉన్న పురుళ్ళ ఆసుపత్రి స్థలం కాగితం. నలభై బండ్లూ ఎటు తిరిగేవో తలుచుకుని రిజిస్ట్రారు గారు ఆ రోజు భోజనం మానేశారు.

పేరిందేవి తప్పు అంకెల మీద ఒక్క గీత కొట్టింది. పైన సరైనవి రాసింది. అక్కడితో వదల్లేదు. దస్తావేజుల్లో దిద్దిన ప్రతి చోటూ చివర ఒప్పుకోవాలన్నది పాత ఆచారం. అడుగున రాసింది. 'రెండో వరసలో కొట్టివేత ఒకటి, దిద్దుబాటు ఒకటి. ఇవి మా ఎరుకన చేసినవే.' ఇరుపక్షాల చేతా పక్కన పొట్టి సంతకాలు పెట్టించింది. మళ్ళీ మొదటి నుంచి చదివించింది. హద్దు దగ్గరకు రాగానే లేచి నిలబడి, పడమర తిరిగి చెయ్యి చాచింది. వేలికి ఎదురుగా పెద్దకాలువ తూర్పు గట్టు ఉంది.

"ఇప్పుడు వెయ్యండి," అంది.

గంట మోగింది. తెర మీద 'పడమర హద్దుకు మిగిలిన దూరం: సున్నా' అని పడింది.

పైడితల్లి వాకిట్లో బండి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అప్పటికి ఏడు పెంకులు దించింది. ఒక్కొక్కటే తీసి, ఏది ఎక్కడిదో అక్కడే పెట్టింది. అందులో ఒకటి ముందే పగిలింది. ఆ పగిలిన పెంకును కూడా అంతే భక్తిగా దాని చోట పెట్టింది. ఆ తర్వాత నలభై బండ్లూ వెనక్కి తిరిగి, దారిలో తాము పాతిన రాళ్ళు తామే పెరుక్కుంటూ, కాలువ దాటి వచ్చేశాయి. ఉప్పుమడుల చుట్టూ రాళ్ళు మాత్రం తెల్లగా, వరసగా నిలిచాయి. ఇల్లూ నిలిచింది, మడీ దక్కింది.

అప్పుడు లేచిన కేకలు సముద్రం హోరును మింగేశాయి. పైడితల్లి పరుగెత్తుకొచ్చి పేరిందేవిని రెండు చేతులా చుట్టేసింది. "నా తల్లే, నా తల్లే! ఇందాక నిన్ను ఊపీసినాను గదమ్మా," అని ఒకటే ఏడుపు. పేరిందేవికి కూడా కళ్ళు నిండాయి. ముప్ఫై నాలుగేళ్ళలో ఆవిడ పని చూసి ఎవరైనా చప్పట్లు కొట్టడం అదే మొదలు. తప్పు జరగనివ్వని పని కదా, జరగనిదాన్ని ఎవరు చూస్తారు?

డాక్టరు గారు దగ్గరకు వచ్చి చేతులు జోడించాడు. "పొరపాటు నాదండీ. రేపటి నుంచీ ప్రతి కాగితం ముందు మీ గదికే రావాలి."

అదే క్షణంలో కచేరీ గడియారం అయిదు కొట్టింది. వరండా చివర ప్రూఫు గది తలుపు దానంతటదే మూసుకుని, తాళం పడింది.

డాక్టరు పరుగున వెళ్ళి మూసివేత ఉత్తర్వు తెప్పించుకున్నాడు. దాన్ని సవరించే అధికారం ఆ కచేరీలో ఎవరికీ లేదు, పైవాళ్ళకే ఉంది. ఎక్కడైనా ఒక లొసుగు దొరక్కపోతుందా అని మూడుసార్లు చదివాడు. తేదీ సరిగ్గా ఉంది. నంబరు సరిగ్గా ఉంది. ఒక్క చోట కూడా వేలెత్తి చూపడానికి లేదు. అడుగున 'సరిచూడబడినది, పేరిందేవి' అని సంతకం ఉంది.

"ఈ సంవత్సరం అప్పుడు తప్పు పడిందటగా? వదిలేయాల్సిందండీ," అన్నాడు దీనంగా.

"తెలిసి ఒక్క తప్పు వదిలే మనిషినైతే, ఇందాక నా చేతి కాగితం మీద పైడితల్లి వేలు పెట్టేదా?" అంది పేరిందేవి. తర్వాత కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "ఆ హద్దులు కూడా ఒకసారి చదవండి," అంది.

ఆయన చదివాడు. తూర్పు, గది గోడ. పడమర, గది గోడ. ఉత్తరం, గది గోడ. దక్షిణం, గది గుమ్మం. గుమ్మం ఇవతల వరండా ఉంది. ఉత్తర్వులో దాని ఊసే లేదు. 'పరిసరాలు' అన్న మాట ఆవిడ అడిగిన పుణ్యాన ఎప్పుడో ఎగిరిపోయింది.

కాలేషావలి ఎవరూ చెప్పకుండానే వరండాలోకి ఒక బెంచీ వెతకడానికి పోయాడు.

ఇది జరిగి ఏడాదయింది. మనుషులకు కాగితాల బాధ తప్పించాలని పుట్టిన యంత్రం ఉప్పరేవులో బ్రహ్మాండంగా పనిచేస్తోంది. అది రాసింది రాసినట్టు చేస్తుందని ఊరంతటికీ తెలిసిపోయింది కనక, చదవకుండా వేలుపెట్టే మనిషి ఇప్పుడు ఆ ఊళ్ళో లేడు. రాత్రిబడిలో ఉప్పుకూలీలు చదువు నేర్చుకుని ఇద్దరిద్దరుగా కూర్చుని కామాలతో సహా పైకి చదువుతున్నారు. పైడితల్లి అద్దె చీటీని కూడా నాలుగు దిక్కులూ తిరిగి గానీ ఒప్పుకోదు. కచేరీ వరండాలో బెంచీలు ఒకటి నుంచి పదకొండయ్యాయి. పొద్దున్నే వరస కడతారు. ఎంతటివాళ్ళయినా వరసలో రావాల్సిందే.

మొన్న ఆ వరసలో డాక్టర్ విరూపాక్షరావు గారు నిలబడ్డారు. సముద్రం పక్కన ఇల్లు కొనుక్కుంటున్నారు. వంతు రాగానే పేరిందేవి రూళ్ళకర్రతో వరండా మధ్యను చూపించింది. ఆయన చెప్పులు విడిచి, తూర్పు ముఖంగా నిలబడి, బుద్ధిగా చెయ్యి చాచాడు. కాలేషావలి గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు. పడమర దగ్గరకొచ్చేసరికి కాగితం దించి, కళ్ళద్దాల పైనుంచి చూశాడు.

"సార్, అది ఇంకా దక్షిణమే. ఇంకొంచెం తిరగండి."